పద్నాలుగు పేజీల్లో మా అక్క లేదు

మా రోజుల్లో రొమ్ము క్యాన్సర్‌తో మనిషి వస్తే ముందు కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడిగేవాళ్లం. "మీ అమ్మగారు ఎలా పోయారమ్మా?" అంటే "కడుపులో గడ్డ సార్" అనేది. ఆ గడ్డ అండాశయానిదో కాలేయానిదో వెంట వచ్చిన పెద్దావిడను గుచ్చి గుచ్చి అడిగితే గానీ తేలేది కాదు. కేస్‌షీట్ వెనక పెన్సిల్‌తో వంశవృక్షం గీసేవాళ్లం: ఆడవాళ్లకి సున్నా, మగవాళ్లకి చదరం, జబ్బు వచ్చినవాళ్లకి నల్ల పూత, పోయినవాళ్లకి అడ్డగీత. మేనరికానికి జంట గీత. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఒకే ముసలావిడ తండ్రికి తల్లి, తల్లికి అమ్మమ్మ! జబ్బు ఏ వైపు నుంచి దిగిందో చెప్పడం బ్రహ్మతరం కాదు. మేమేదో గొప్పవాళ్లమని కాదు లెండి, పేషెంటు ముందు క్యాన్సర్ అన్న మాట ఎత్తడానికే భయపడేవాళ్లం.

ఇప్పుడు అడగడాలు లేవు. కాస్త రక్తం తీసి జన్యు పరీక్షకి పంపేస్తారు. మొన్న మా మేనకోడలు ఏడుస్తూ ఫోన్ చేసింది. "మావయ్యా, రెండు రొమ్ములూ తీయించేసుకుంటాను." దానికి 38 ఏళ్లు. దాని తల్లి, అంటే మా అక్కకి 44 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చి, బతికి బయటపడింది. మేనకోడలి రిపోర్టు పద్నాలుగు పేజీలు. రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడ్డ బీఆర్‌సీఏ2 జన్యువులో ఒక్క అక్షరం మారిందట, ప్రభావం తెలియదట. దానికి వీయూఎస్ అని పేరు. "తెలియదు అన్నదానికి కత్తి పట్టుకుంటారా?" అని కసిరాను.

1990లో జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ ఇళ్లలో దిగే రొమ్ము క్యాన్సర్ మూలం 17వ క్రోమోజోములో ఉందని చూపించినప్పుడు, 1994లో బీఆర్‌సీఏ1 దొరికినప్పుడు, ఇక అన్నీ తేలిపోతాయనుకున్నాం. తీరా చూస్తే ఒక్కో జన్యువులో వేల మార్పులు, చాలావాటికి ఏ పాపమూ తెలియదు. 2015లో అమెరికా వాళ్లు ఈ మార్పులకి ఐదు మెట్లు పెట్టారు. పై రెండూ చెడ్డవి, కింది రెండూ మంచివి, మధ్యమెట్టు ఇదిగో ఈ వీయూఎస్. అక్కణ్ణుంచి కదిలినవాటిలో ఎక్కువ భాగం కిందికే దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆ మార్పు ఎంతమందికి ఉందో చూసి తేలుస్తారు. ఆ లెక్కల్లో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లే. అందుకే మనవాళ్ల రిపోర్టుల్లో తెలియదు అన్న మాట ఎక్కువ. వాళ్ల పటంలో మన ఊరు లేకపోతే మన ఊరే లేనట్టా?

ఇంకో దారి, మార్పు ఇంట్లో జబ్బుతోపాటే నడుస్తోందా అని చూడటం. అంటే మళ్లీ నా పెన్సిలే! మేనకోడలి ఫారంలో కుటుంబ వివరాల గడి ఖాళీగా ఉంది. జబ్బు వచ్చిన మనిషి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, రానిదాని రక్తం ముందు తీశారు.

అక్క రక్తం పంపించాను. ఆ మార్పు ఆవిడకి లేదు, చెడ్డవేవీ దొరకలేదు. అంటే ఆ మార్పు మా బావ వైపుది. ఆ ఇంటి ఆడవాళ్లు ఎనభై దాటి బతికారు. పిల్లకి ఆపరేషన్ మాట పోయింది. తల్లికి చిన్న వయసులో వచ్చింది కాబట్టి ఏటా మామోగ్రామ్ మాత్రం తప్పదు.

మీ ఇంట్లో ఇలాంటి రిపోర్టు ఉంటే దాని మీద తేదీ చూడండి. మెట్టు మారిందేమో ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ల్యాబుని మీరే అడగండి. వాళ్లంతట వాళ్లు చెబుతారని కూర్చోకండి.