తాళం తీయకుండా పరిశోధన నేర్పే విధానం

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ కాలేజీకి కొత్తగా వచ్చిన లెక్చరర్‌కు మొదటి నెలలోనే ఒక చిక్కు వచ్చి పడుతుంది. పిల్లలకు లైబ్రరీ వాడడం, నెట్‌లో సమాచారం వెతకడం నేర్పాలని సర్క్యులర్ చేతికొస్తుంది. కంగారు పడకండి. ఏమీ నేర్పకుండానే రిజిస్టరు నింపి, ఫొటోలు దిగి, ఈ పని గట్టెక్కించుకోవచ్చు.

ముందు లైబ్రరీ సంగతి. పుస్తకాలు బీరువాలో ఉండాలి, బీరువాకు తాళం ఉండాలి, తాళంచెవి సెలవు పెట్టిన మనిషి జేబులో ఉండాలి. 1931లో రంగనాథన్ గారు గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాస్తూ, పుస్తకాలున్నది వాడుకోవడానికే అని మొదటి సూత్రం పెట్టారు. స్టాక్ వెరిఫికేషన్‌లో ఒక పుస్తకం తగ్గితే ఎవరి జీతంలో కోత పడుతుందో ఆ ఐదింటిలో ఎక్కడా లేదు. పిల్లల్ని ర్యాకుల దగ్గరికి వదిలితే అడిగిన పుస్తకంతో ఊరుకోరు, దాని పక్కదాన్ని కూడా తిరగేస్తారు. ఒకే విషయం మీద వచ్చినవన్నీ ఒకచోట చేరేలా నంబర్లు వేయడం వల్ల వచ్చిన అనర్థమిది. అందుకని సైజు ప్రకారం సర్దించండి. కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చిన రోజు ఫొటోలో వరస బాగుంటుంది.

ఈ తాళం ఎంత గొప్పదో తెలియాలంటే పాత రోజులు గుర్తు చేసుకోవాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లలో రావిచెట్టు రంగారావు గారిది నల్లగొండ ప్రాంతం. ఆ తర్వాత ఊళ్లలో పఠనాలయాలు మొదలయ్యాయి. నిజాం సర్కారుకు అవి కంట్లో నలుసయ్యాయి. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 తెచ్చింది. అయినా జనం ఆగలేదు. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది, 1936లో షాద్‌నగర్‌లో మరొకటి. అంత పెద్ద సర్కారు ఫర్మానాలతో చేయలేకపోయింది. మనం చిన్న తాళంకప్పతో చేసి చూపించాం.

ఇక నెట్ పాఠం. గంట చాలు. గూగుల్ తెరవడం, పదం కొట్టడం, మొదట వచ్చింది కాపీ చేయడం. రెండో లింకు దాకా పోనివ్వకండి. ఉదాహరణకు "పిల్లలమర్రి" అని కొట్టించండి. మహబూబ్‌నగర్ దగ్గర ఎకరాల కొద్దీ ఊడలు పరుచుకున్న మర్రిచెట్టు వస్తుంది. సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు గుళ్లు కట్టించిన ఊరు వస్తుంది. పిల్లలమర్రి పినవీరభద్రుడనే కవీ వస్తాడు. మూడూ కలిపి ఒకే వ్యాసం రాయిస్తే, కాకతీయులు మర్రిచెట్టు కింద గుడి కట్టారని, 2018లో ఆ చెట్టుకు చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారని, పినవీరభద్రుడు ఆ నీడలో కావ్యం రాశాడని చక్కటి కథ తయారవుతుంది. చెట్టుకు మందెక్కించిన మాట నిజమే కాబట్టి మిగతావి ఎవరూ అనుమానించరు. రెండు ఊళ్ల మధ్య ఎంత దూరమో మ్యాపులో చూద్దామని ఎవరైనా అంటే, మ్యాపులు జాగ్రఫీ వాళ్ల సబ్జెక్టని చెప్పండి.

అంకెలతో ప్రాజెక్టు చేయిస్తే ఇంకా లాభం. 2011 జనాభా లెక్కల్లో నల్లగొండ జిల్లా జనాభా దాదాపు 34.9 లక్షలు. ఇప్పటి జిల్లా పేజీ తెరిస్తే 16 లక్షల పైచిలుకు కనిపిస్తుంది. తీసేస్తే సగానికి పైగా జనం మాయం! వలసల మీద దీన్ని మించిన ఆధారం ఏం కావాలి? 2016 అక్టోబరులో జిల్లాను మూడు ముక్కలు చేసి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరు చేశారనీ, ఆ 16 లక్షలు కూడా 2011 లెక్కల్లోంచే కొత్త సరిహద్దుల ప్రకారం తీసినవనీ చెప్పారంటే ప్రాజెక్టు అక్కడికక్కడే కూలిపోతుంది. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, ఈ సౌకర్యం మరీ ఎక్కువ. 2016లో ఒకసారి, నారాయణపేట విడిపోయిన 2019లో మరోసారి జనాన్ని మాయం చేయవచ్చు.

ఈ సందర్భంలో సురవరం ప్రతాపరెడ్డి గారి ఉదాహరణ చెప్పి పిల్లల్ని హెచ్చరించడం అవసరం. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒకాయన రాశాడు. అచ్చులో వచ్చిన మాట, ఇంకేం కావాలి? మన విద్యార్థి అయితే స్క్రీన్‌షాట్ తీసి, రిఫరెన్సుగా పెట్టి, స్పైరల్ బైండింగ్‌కు పంపేవాడు. పాలమూరు గడ్డ మీద పుట్టిన ప్రతాపరెడ్డికి అంత ఓపిక లేకపోయింది. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించుకొని 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. ఒక్క వాక్యాన్ని తప్పని చూపించడానికి 354 సాక్ష్యాలు! ఇంత వృథా శ్రమ క్రెడిట్ల విధానంలో కుదరదు. తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడూ అంతే. రాజుల పేర్లు, తేదీలు వరసగా దించేయక, కావ్యాలు తిరగేసి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని ఏరుకుంటూ కూర్చున్నాడు. ఆ పుస్తకానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందిగానీ, అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది. ఇంటర్నల్ మార్కులకు అంత ఆలస్యం పనికిరాదు.

టైపింగ్ విషయంలో మాత్రం రాజీ పడకండి. తెలుగు ప్రాజెక్టులన్నీ అను ఫాంట్లలోనే చేయించండి. యూనికోడ్‌లో చేసి నెట్‌లో పెడితే వచ్చే ఏడాది ఇంకో పిల్ల వెతికినప్పుడు దొరికిపోతుంది. అనులో అయితే పెన్ డ్రైవ్ వేరే కంప్యూటర్‌కు పెట్టగానే అక్షరాలన్నీ గజిబిజి గుర్తులవుతాయి, రహస్యం రహస్యంగానే ఉంటుంది. దేశమంతటి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా చదవొచ్చన్న సంగతి ఎత్తకండి. ఈ-పుస్తకాలు, ఈ-జర్నళ్లు చదవనిచ్చే ఎన్-లిస్ట్ పాస్‌వర్డు ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, పైన చెప్పిన బీరువాలోనే దాచండి.

సైన్సు వాళ్లకు ఎలాగూ ఫ్లోరైడ్ ప్రాజెక్టు తప్పదు. నల్లగొండ టెక్నిక్ అని పేరుంది కాబట్టి అది నల్లగొండ వాళ్లు కనిపెట్టిందని రాయించండి. నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం వాడి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేశారన్నది తర్వాతి పేజీలో ఉంటుంది, అక్కడిదాకా ఎవరూ పోరు. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ గారి వ్యాసం వచ్చింది. అది దొరికితే పిల్లలు అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూస్తామంటారు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు తమ ఊరి బోరు దాటిందా అని నీళ్లు పరీక్ష చేయిస్తామంటారు. ల్యాబులో కెమికల్స్ ఎవరిస్తారు? గూగుల్ నుంచి వంకర కాళ్ల ఫొటోలు రెండు దించి అతికించమనండి. ఆ మనుషులెవరో, ఏ ఊరో, ఫొటోకు ఒప్పుకున్నారో లేదో మనకెందుకు?

ఇప్పుడు ఏఐ వచ్చి మన శ్రమ ఇంకా తగ్గించింది. అడిగితే చాలు, రచయిత, ప్రచురణకర్త, పేజీ నంబరుతో సహా పది పుస్తకాల పేర్లిస్తుంది. వాటిలో కొన్ని ఈ భూమ్మీద ఎవరూ అచ్చు వేయలేదని తేలవచ్చు. పుస్తకం దొరకలేదంటే తప్పు లైబ్రరీది. లైబ్రరీకి తాళం ఉంది కాబట్టి అదీ తేలదు.

ఇంత చేసినా క్లాసుకు ఒకరు ఉంటారు. సాధారణంగా చివరి బెంచీ, పొద్దున్నే ఊరి నుంచి బస్సుకొచ్చిన అమ్మాయి. ప్రాజెక్టు చూపించే రోజు లేచి, "సార్, ఈ లెక్క యాడికెళ్లి తెచ్చిన్రు?" అంటుంది. కోప్పడకండి, కోప్పడితే లైబ్రరీకి పోతుంది. చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకొని, విద్యార్థుల ప్రాజెక్టులకు పెట్టే జిజ్ఞాస పోటీ ఏర్పాట్ల కమిటీలో వేసేయండి. కుర్చీలు లెక్కపెట్టడం, అతిథులకు బొకేలు అందించడం, ఫ్లెక్సీ ప్రూఫు చూడడం అప్పగించండి. ఫ్లెక్సీ మీద కాలేజీ స్థాపించిన సంవత్సరం తప్పుందని ఆమె చెబితే, ప్రింటుకు వెళ్లిపోయిందనండి.