ఆకలి లేనట్టు తినడం

కార్ బూట్ సేల్‌లో బంగారు అంచు కప్పులూ సాసర్లూ ఒక అట్టపెట్టెడు దొరికిననాటి నుంచీ మా ఆయనకి విక్టోరియా రాణి పూనింది. ఆదివారం నాలుగింటికి పక్కింటి వృద్ధ దంపతుల్ని టీకి పిలిచేశారు. బర్మింగ్‌హామ్‌లో అందరూ మగ్గులో టీబ్యాగు ముంచి ఇచ్చే టీ కాదు, అసలు సిసలు పాతకాలం టీ.

దాని వెనక కథ మాత్రం నాకు భలే నచ్చింది. ఒకప్పుడు ఇక్కడి గొప్పింటివాళ్లు రాత్రి భోజనాన్ని ఎనిమిదింటికి జరిపేసుకున్నారు. మధ్యాహ్నం తిన్న నాలుగు మెతుకులూ అరిగిపోయి బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మారియాకి సాయంత్రానికల్లా నీరసం వచ్చేదిట. 1840 ప్రాంతంలో ఆవిడ గదిలోకే టీ, రొట్టె, వెన్న తెప్పించుకుని గుట్టుగా తినడం మొదలెట్టిందంటారు. ఒక్కతే తింటే ఆకలి, నలుగుర్ని పిలిస్తే మర్యాద. పైగా రాణిగారికి చెలికత్తె, ఇంకేం, ఊరంతా పాకింది. ఇక ఆ టీకి సరంజామా ఎంతనుకున్నారు: చక్కెర ముక్కలకి పట్టకారు, కప్పు అడుగున మిగిలిన టీ ఒంపడానికో గిన్నె, పనివాళ్లు కాజేస్తారని తేయాకు పెట్టెకి తాళం! 1861లో ఇసబెల్లా బీటన్ ఇంటి నిర్వహణ మీద వెయ్యి పేజీలు దాటిన పుస్తకం వేసింది. మా ఆయన దాన్ని పారాయణం చేస్తున్నారు.

కీరా శాండ్‌విచ్‌లు నా వంతు. కీరాని అవతలి మనిషి కనబడేంత పల్చగా కోసి, ఉప్పు జల్లి, నీరు ఓడ్చాలి. రొట్టెకి అంచుల దాకా వెన్న పట్టించకపోతే తడి దిగి ముద్దయిపోతుంది. చివరికి చుట్టూ ఉన్న గట్టి అంచులు కోసేసి, మిగిలినదాన్ని రెండు వేళ్ల వెడల్పు ముక్కలు చెయ్యాలి. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారు అంతా చూసి, "కడుపు నిండకుండా ఉండడానికి ఇంత కష్టపడ్డం ఎక్కడా చూళ్లేదమ్మా" అన్నారు. ఆ కోసేసిన అంచులన్నీ ఏరుకెళ్లి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి ఉప్మా దించేశారు.

మామయ్యగారివి గుబురు మీసాలు. ఆ రోజుల్లో దొరలు మీసాలకి మైనం రాసి నిలబెట్టేవాళ్లు, టీ ఆవిరికి అది కరిగిపోయేది. అందుకని మీసం ఆనడానికి లోపల చిన్న పింగాణీ అరుగున్న కప్పులు ప్రత్యేకంగా అమ్మేవారు. మా అట్టపెట్టెలో అలాంటిది లేదు. మామయ్యగారు శుభ్రంగా సాసర్లో ఒంపుకుని ఊదుకున్నారు.

"నాన్నా, సాసర్లో తాగకూడదు!"

"మా తాతా ఇలాగే తాగేవాడు" అంటూ పక్కింటాయన కూడా ఒంపుకున్నాడు.

పక్కింటివాళ్లు వద్దంటే నిజంగానే వద్దని. అత్తయ్యగారి లెక్కలో వద్దంటే ఇంకోటి వెయ్యమని. ఆవిడ చలవతో శాండ్‌విచ్‌లు క్షణాల్లో ఖాళీ. ఆ తర్వాత పక్కింటావిడ ప్లేటులోకి ఉప్మా కూడా చేరింది. నోట్లో పెట్టుకుని, "ఇదేమిటి?" అందావిడ.

మా ఆయన తడుముకోలేదు. "శాండ్‌విచ్‌లో భాగమేనండీ. విడిగా వడ్డిస్తాం."