డెరివేషన్ల పేపరు తప్పడం ఎలా? ఒక సీనియర్ చిట్కాలు

ఎమ్మెస్సీలో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! డెరివేషన్లుండే ఈ బీజగణితం పేపరు మూడుసార్లు రాసిన అనుభవంతో చెబుతున్నాను. వీటిలో ఒక్కటి పాటించినా సప్లిమెంటరీ ఖాయం.

1. లబ్ధం కనబడగానే విడివిడిగా డెరివేషన్ చేసి, వచ్చినవాటిని గుణించెయ్యండి. ఒకదాన్ని కదపకుండా ఉంచి రెండోదాన్ని మార్చు, తర్వాత తారుమారు చేసి రెండూ కూడు అంటాడు లీబ్నిజ్. అంత ఓపిక ఎవరికుంది? మన పద్ధతిలో ఎక్స్ వర్గానికి మామూలు అవకలజం రెండు ఎక్స్ కాదు, ఒకటి వస్తుంది. పేపరు దిద్దేవారికీ కాస్త వినోదం కావాలిగా!

2. ఏ డెరివేషన్ అయినా ఒకటిని సున్నాకు పంపుతుందన్న సంగతిని బట్టీ పట్టండి, కారణం అడగకండి. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే. దానికి లీబ్నిజ్ నియమం వాడితే వచ్చిన విలువ తనకు తానే రెట్టింపు కావాలి. అలాంటిది సున్నా ఒక్కటే. ఇలా అర్థమైపోతే ఇక బట్టీకి ఏం మిగులుతుంది?

3. ప్రతి బహుపదికీ విలువను కొత్తగా ఊహించండి. గుణకాలు సున్నాకు పోయే డెరివేషన్‌కు చలరాశులు ఎక్కడికి పోతాయో చెబితే చాలు, మిగతావన్నీ వాటి వెంటే నడుస్తాయి. కానీ అలా చేస్తే అడిషనల్ షీట్లకు దారం కట్టే భాగ్యం దక్కదు.

4. ఇది బంగారంలాంటి చిట్కా: స్థిరాంకమంటే అంకె అని గట్టిగా నమ్మండి. డెరివేషన్ సున్నాకు పంపే ప్రతిదీ స్థిరాంకమేనని పుస్తకం అంటుంది. ఎక్స్‌ను మైనస్ వైకి, వైని ఎక్స్‌కు పంపే డెరివేషన్ ఉందనుకోండి. ఎక్స్ వర్గం, వై వర్గం కలిపి చూస్తే ఆ మొత్తం సున్నాకు పోతుంది! జాతరలో రంగులరాట్నం ఎక్కినవాడు గిర్రున తిరుగుతాడు, నడిమి స్తంభం నుంచి అతని దూరం మాత్రం మారదు. అదీ సంగతి. మీరు మాత్రం ఎక్స్, వై కనబడగానే 'ఇది స్థిరాంకం కాదు' అని కొట్టెయ్యండి.

5. గుణకాలు ఎక్కడివో చూడకండి. ఐదుతో భాగిస్తే మిగిలే శేషాలే గుణకాలైతే, ఎక్స్ ఐదో ఘాతానికి అవకలజంలో ముందు ఐదు వస్తుంది. అక్కడ ఐదంటే సున్నాయే, కాబట్టి ఆ ఘాతమూ స్థిరాంకమే. మీకెందుకీ గొడవ?

6. స్థిరాంకాలన్నీ ఏవో కొన్నింటి కూడికలు, గుణకారాలతోనే పుట్టుకొస్తాయని ఎన్ని చలరాశులకైనా రాసెయ్యండి. హిల్బర్ట్ 1900లో ఈ తరహా ప్రశ్ననే తన జాబితాలో 14వదిగా పెట్టాడు. 1958లో నగాటా 'కాదు' అని ప్రతిఉదాహరణ చూపాడు. గుణకాల క్యారెక్టరిస్టిక్ సున్నా అయితే, అంటే ఐదో చిట్కాలోలా ఏ అంకె సున్నాగా మారకపోతే, మూడు చలరాశుల దాకా భయం లేదని 1988లో నగాటా, నొవిట్‌స్కీ నిరూపించారు. ఐదింటికి అది చెల్లదని 1999లో డేగ్ల్, ఫ్రాయిడెన్‌బర్గ్ చూపారు. ఇవన్నీ చదువుతూ కూర్చుంటే క్యాంటీన్ మూసేస్తారు.

నేను ఈ ఆరూ తు.చ. తప్పకుండా పాటించాను. మూడుసార్లలో ప్రశ్నపత్రం మారింది, హాల్‌టికెట్ నంబరు మారింది, ఇన్విజిలేటరూ మారారు. ఫలితం మాత్రం మారలేదు. నాలుగో చిట్కాలో పుస్తకం ఏం చెప్పిందో నాకు అప్పుడు అర్థమైంది.