డామన్ ఇంటిపేరు, మియాపూర్ కాపురం

‘మాది ఆలిండియా టూరిస్టు పర్మిట్. మా బండిని ఆపడానికి మీరెవరు?’ అంటూ ట్రావెల్స్ ఓనర్లు మళ్లీ గొంతు సవరించుకున్నారు. నాలుగు బస్సులు సీజ్ చేస్తే చాలు, వాళ్లకు దేశ సమైక్యత మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొస్తుంది. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకటే దేశమట, ఒకటే పర్మిటట. పన్ను మాత్రం ఎక్కడ తక్కువైతే అక్కడ కడతారట.

రాత్రి తొమ్మిదిన్నరకు మియాపూర్‌లో నిలబడి నంబరు ప్లేట్లు చదవండి. డామన్ డయ్యూ, నాగాలాండ్, అరుణాచల్, ఒడిశా! పదో తరగతి సోషల్ మాస్టారు కూడా భూగోళం ఇంత ఓపిగ్గా చెప్పలేదు. బస్సు అద్దం మీద ఓనరుగారి ఇలవేల్పు, స్టీరింగు వెనక ప్రకాశం జిల్లా డ్రైవరు, బెర్తుల్లో కాకినాడ పెళ్లికి వెళ్లే బంధువర్గం. నాగాలాండ్ వాటా ఆ ప్లేటు మీది రెండక్షరాలే.

యజమానికి ఇల్లో వ్యాపారమో ఉండి, బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడే రిజిస్టర్ చేయించాలని 1988 మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ చెబుతోంది. 12 నెలలు దాటి మరో రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతోంది. మామూలుగా ఉండటమంటే ఏమిటో మన బస్సుల్ని చూసి నేర్చుకోవాలి. పగలంతా ఔటర్ రింగు రోడ్డు పక్క షెడ్డులో కడిగించుకుని, రాత్రంతా విజయవాడ హైవే మీద పరిగెత్తే బండి మామూలుగా ఉండేది డామన్‌లో, అరేబియా సముద్రం ఒడ్డున! ఆ సముద్రాన్ని అది ఎప్పుడైనా చూసిందో లేదో దాని క్లీనరునే అడగాలి.

సరే, ప్లేటు గొడవ వదిలేద్దాం. ఆ యాత్ర సంగతి చూద్దాం.

చట్టం లెక్కలో బస్సులు రెండు రకాలు. విడివిడిగా టికెట్లు కొట్టి, దారిలో ఎక్కించుకుంటూ దింపుకుంటూ పోయేది స్టేజి క్యారేజి. మన దగ్గర అది ప్రధానంగా ఆర్టీసీ పని. ఒక బృందం బండి మొత్తాన్నీ మాట్లాడుకుని వెళ్తే కాంట్రాక్టు క్యారేజి. మధ్యలో బయటివాళ్లను ఎక్కించకూడదు. ట్రావెల్స్ బస్సు ఈ రెండో రకం. అంటే ఈ రాత్రి కాకినాడ బస్సెక్కిన మనమందరం, ఒకరి మొహం ఒకరికి తెలియకపోయినా, కలిసి విహారయాత్రకు బయల్దేరిన ఒకే బృందం.

కింది బెర్తులో మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. పై బెర్తులో నర్సింగ్ చదివే అమ్మాయి. వెనక, కొడుకు ఇంట్లో పది రోజులుండి కోడలితో పడక తిరిగి వెళ్తున్న పెద్దాయన. వీళ్లు ముగ్గురూ ఎక్కడ కూర్చుని ఈ యాత్రకు పథకం వేసుకున్నారు? బండి మాట్లాడిందెవరు, బేరమాడిందెవరు? యాప్‌లో ఎవరి డబ్బు వాళ్లు కట్టారు, చివరికి కూపన్ కోడ్ కూడా ఎవరిది వాళ్లదే. పోనీ, యాత్రలో చూసేదేమిటి? హనుమాన్ జంక్షన్‌లో తెల్లవారుజామున మూడింటి చీకటి.

ఇదే యాత్ర ప్రతి రాత్రీ అదే టైముకు, అదే దారిలో, ఏడాది పొడవునా సాగుతుంది. సంక్రాంతికి మాత్రం పర్యాటకుల మీద ప్రేమ మూడింతలై టికెట్ రేటులో కనబడుతుంది. ఎల్బీ నగర్‌లో ఎక్కినవాడూ బృందమే, హయత్‌నగర్‌లో ఎక్కినవాడూ బృందమే. సూర్యాపేట హోటలు దగ్గర చెయ్యెత్తి, డ్రైవరు గుప్పిట్లో 500 నోటు పెట్టి, క్యాబిన్‌లో ఒదిగి కూర్చున్న అజ్ఞాత యాత్రికుడూ బృందమే. అతని పేరు లిస్టులో ఉండదు, అంతే తేడా.

ఆ లిస్టు కూడా చూడదగ్గదే. బోర్డింగ్ పాయింట్‌లో కుర్రాడి చేతిలో నాలుగు మడతలు పడిన కాగితం. చెమటకు సిరా అలుక్కుపోయి సగం పేర్లు కనబడవు. ‘సార్, బండి వచ్చేసింది, ఎక్కడున్నారు?’ అని ఫోన్‌లో అరుస్తూ బెర్తు నంబర్ల మీద టిక్కులు పెడుతుంటాడు. బండి మాత్రం ఇంకా కూకట్‌పల్లిలోనే ఉంటుంది. ఆలిండియా పర్మిట్ నిబంధనలు అడిగేది ఈ లిస్టునే. ఎవరు ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు అన్నది కూడా అందులో ఉండాలి. ఒకే బృందమైతే ఎక్కేచోట్లు ఇన్నెందుకని నిబంధన రాసినవాళ్లకు అనుమానం రాలేదు. కేరళలో 2023లో ‘రాబిన్’ అనే పేరున్న బస్సు ఓనరుకు వచ్చింది. ఎక్కేచోటూ దిగేచోటూ రాయమన్నారంటే ఎక్కడైనా ఎక్కించుకోవచ్చనేగా అని పత్తనంతిట్ట నుంచి కోయంబత్తూరుకు బండి తోలాడు. అధికారులు ఆపడం, ఫైన్లు రాయడం, జనం ఓనరుకు చప్పట్లు కొట్టడం, అదో జాతర. తమిళనాడు 2024 జూన్‌లో ఇతర రాష్ట్రాల నంబర్లతో స్టేజి క్యారేజీల్లా తిరిగే బస్సుల్ని కుదరదంది. మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు ప్రమాదం జరిగిన వారం టార్చిలైట్లతో రోడ్డెక్కుతారు, ఫొటోలు దిగుతారు, పై వారం దిగిపోతారు.

2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరు 24న చిన్నటేకూరు దగ్గర మరో బస్సులో 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. మధ్యలో పన్నెండేళ్లు. రెండో బస్సు డామన్ డయ్యూ నంబరుతో పుట్టి ఒడిశా రిజిస్ట్రేషన్‌కు మారింది. తిరిగింది హైదరాబాద్, బెంగళూరు మధ్య. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, ఒళ్లు మండుతోంది.

బస్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతాం. డ్రైవరుకు లైసెన్సు అడుగుతాం. ఆ బస్సును, ఆ డ్రైవరును, ఆ రాత్రిని నడిపించేవాణ్ని ఏం అడుగుతున్నాం? ఆలిండియా పర్మిట్‌కు ఆన్‌లైన్‌లో బండి కాగితాలు పెట్టి ఫీజు కడితే చాలు. ఏడు రోజుల్లో అధికారి ఏ సంగతీ తేల్చకపోతే పర్మిట్ ఇచ్చినట్టేనని 2023 నిబంధన. ముసలమ్మ పింఛను దరఖాస్తుకు ఈ సూత్రం ఎందుకు పెట్టరో! యాభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకునే ఓనరుకు టైరు అరుగుదల తెలుసా, డ్రైవరు రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేయకూడదని 1961 నుంచి చట్టం ఉందని తెలుసా, ఎవరికీ అక్కర్లేదు.

ఐరోపా యూనియన్‌లో 2009 నాటి 1071 నంబరు నిబంధన అడిగేది ఓనరునే. నిజమైన ఆఫీసుండాలి, మంచి పేరుండాలి, మొదటి బండికి 9,000 యూరోలు, ఆపై ఒక్కోదానికి 5,000 చొప్పున డబ్బు ఉన్నట్టు చూపాలి, పరీక్ష పాసైన ట్రాన్స్‌పోర్టు మేనేజరుండాలి. వాళ్లేం శ్రీరామచంద్రులు కారు. పన్నూ కూలీ తక్కువున్న దేశంలో తపాలా పెట్టె తగిలించి కంపెనీ అనిపించుకునే ఘనులు అక్కడా ఉన్నారు. ఎనిమిది వారాలకోసారి లారీ సొంత దేశానికి రావాలని 2022 నుంచి నిబంధన పెడితే, 2024లో వాళ్ల న్యాయస్థానం కొట్టేసింది. కానీ దాని మీద దేశాలు దేశాలే కోర్టుకెక్కి కొట్లాడుకున్నాయి. మన రాష్ట్రాలు ఒకదానికొకటి కనీసం ఉత్తరం రాసుకుంటాయా?

జపాన్‌లో 2016 జనవరిలో కరుయిజావా దగ్గర స్కీ బస్సు రోడ్డు దాటి కింద పడి 15 మంది పోయారు, వారిలో 13 మంది విద్యార్థులు. ఆ తర్వాత అద్దె బస్సుల కంపెనీల లైసెన్సు శాశ్వతం కాకుండా పోయింది, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాల్సిందే. 2023లో నగానో జిల్లా కోర్టు కంపెనీ అధ్యక్షుడికి మూడేళ్లు, బస్సులు నడిపించే మేనేజరుకు నాలుగేళ్లు జైలు వేసింది. మన దగ్గర ఓనరు పేరు మూడో రోజు పేపర్లో ఎనిమిదో పేజీకి వెళ్తుంది.

ఓనర్లకూ పరీక్ష పెట్టమంటే సంఘాలవాళ్లు ‘చిన్న ఓనర్లు చచ్చిపోతారండీ’ అంటారు. బ్రిటన్‌లో ఒకే బస్సున్నవాడు తానే పుస్తకం పట్టుకుని చదివి, పరీక్ష రాసి, తానే మేనేజరవుతున్నాడు. సంక్రాంతికి ఏ బెర్తు ఏ గంటలో ఎంతకు పోతుందో నోటిమీద చెప్పే మన ఓనరుకు ఆ మాత్రం చదువు రాదంటే నేను నమ్మను.