ఒక్కట్రిప్పు గారు

దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె పెరిగినప్పుడల్లా ఓ కుటుంబం ఎల్బీనగర్ అవతలికి జరుగుతుంది. ఆ కుటుంబానికి పెద్ద ఒక్కట్రిప్పు గారు. మిగతా రోజుల్లో ఆయన గుమాస్తానో, మాస్టారో, రిటైరైన ఆఫీసరో ఎవరైనా కావచ్చు. ఇల్లు మారే రోజు మాత్రం ఆయనది ఒకటే పట్టు: సామాను ఎంతైనా సరే, ట్రిప్పు ఒక్కటే. రెండో ట్రిప్పు అంటే డబ్బు దండగ, పైగా వర్జ్యం వచ్చేస్తుంది. ఆషాఢం వెళ్లేదాకా ఆగి మరీ పెట్టించుకున్న ముహూర్తం మరి.

ఫోన్లో బేరం ఆయనే ఆడతారు. "పెద్దగా ఏం లేవు తమ్ముడూ. రెండు మంచాలు, ఓ ఫ్రిజ్జు, కాసిని గిన్నెలు." తెల్లారి చూస్తే ఆ 'కాసిని గిన్నెల'లో ఇనప బీరువా ఉంటుంది. ఇన్వర్టరు బ్యాటరీ ఉంటుంది. అత్తగారిచ్చిన రోలు, పొత్రం ఉంటాయి. పెద్దబ్బాయి గ్రూప్స్ కోచింగు పుస్తకాలు అట్టపెట్టెల నిండా ఉంటాయి; దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురమున్నాక ఆ కాగితం లేని ఇల్లు ఉండదు. నోటిఫికేషన్లు వస్తాయో రావో గానీ పాత మెటీరియల్ మాత్రం పారెయ్యరు. పూలకుండీలకు వాళ్లావిడ రాత్రే నీళ్లు పోసి పెట్టారు, దారిలో వాడిపోతాయని. వాషింగ్ మెషీన్ లోపల, తిరిగేటప్పుడు ఎగరకుండా, కాంక్రీటు దిమ్మ ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా లెక్కలోకి తీసుకోరు. కిలోలన్నవి ఆయన దృష్టిలో బియ్యానికీ ఉల్లిపాయలకే. బండికి కావలసింది చోటు. "ఆ మూల ఖాళీ ఉందిగా!" అంటే తూకం వేసినట్టే.

వచ్చేది మామూలుగా టాటా ఏస్. 2005లో దిగిన బండి. మొదట్లో దానికి రెండు సిలిండర్ల ఇంజను, 16 గుర్రాల బలం. మోత ముప్పావు టన్ను. డ్రైవరు ఒకప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయి లోడ్లు తోలినవాడు. 2021లో మార్కెట్టు బాటసింగారం వెళ్లిపోయాక ఇళ్ల సామాన్ల మీద పడ్డాడు. పైకెక్కే సామాను వంక అతను చూడనే చూడడు. వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని కమాన్ పట్టీలు చూస్తుంటాడు. ఖాళీ బండికి పట్టీలు విల్లులా వంగి ఉంటాయి. బీరువా ఎక్కింది, వంపు తగ్గింది. పుస్తకాలెక్కాయి, పట్టీలు స్కేలు పెట్టి గీసినట్టయ్యాయి. కుండీలెక్కేసరికి వంపు అటునుంచి ఇటు తిరిగింది.

"సార్, పట్టీలు ఉల్టా అయినయి. ఇగ ఆపుండ్రి."

"కంపెనీవాడు కొంత మార్జిన్ ఉంచుకునే రాస్తాడు బాబూ. లిఫ్టులో ఆరుగురని రాసుంటే తొమ్మిదిమందిమి ఎక్కడంలా?"

"మీ లిఫ్టుకు ఎదురుంగ బస్సు రాదు గద సార్."

"ఇంజను లాగేస్తుందయ్యా!"

"లాగుడు కాదు సార్, ఆగుడు సంగతి చెప్పుండ్రి."

ఆయన అది చెప్పరు. ఆటోనగర్‌లో ఇంకో పట్టీ వేయించుకోమని సలహా ఇస్తారు. పట్టీ వేయిస్తే బండి కూలబడదు, నిజమే. బ్రేకులు మాత్రం పాతవే, యాక్సిలూ టైర్లూ పాతవే, ఆర్సీలో అంకే పాతదే. నడుము నిటారుగా ఉన్నంత మాత్రాన మోకాళ్లకు బలం వస్తుందా?

ఇదేదో మన పేట రోగం అనుకోవద్దు. ఆయన మేనల్లుడు టెక్సాస్‌లో టొయోటా టకోమా కొన్నాడు. దాని వీపు మీద ఓ గది ఎక్కించాడు: పరుపు, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ ఉన్న క్యాంపరు. ఎంత బరువు మోయవచ్చో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసే ఉంటుంది. మనుషులు కూడా ఆ లెక్కలోనే. కుర్రాడు టేపుతో పొడవూ వెడల్పూ కొలిచాడు, స్టిక్కరు చదవలేదు. ట్యాంకు నింపి భార్యాపిల్లల్ని ఎక్కించాక ముక్కు ఆకాశానికెత్తి, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీద పడుతున్న ఆ బండిని వీడియోకాల్లో చూపించాడు. "బాగా పట్టిందిరా!" అని మురిసిపోయారు మేనమామ.

సరే, బండి కదిలింది. క్యాబిన్లో ఒళ్లో వెంకటేశ్వరస్వామి పటంతో ఒక్కట్రిప్పు గారు. వెనక సోఫా ఎగిరిపోకుండా దాని మీద బోర్లా పడుకున్న బావమరిది. ఆయన బరువు ఎటూ లెక్కలో లేదు. మెట్రో స్తంభాల పక్కనే చైతన్యపురి, కొత్తపేట దాటుతున్నారు. ముందు చక్రాలు తేలికై స్టీరింగు నీళ్లలో తిప్పినట్టుంది. స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా కింద రబ్బరు దిమ్మకు యాక్సిల్ తగిలి 'ఠప్' మంటుంది. డ్రైవరు పళ్లు బిగబట్టుకుంటాడు. ఈయన పటానికి దణ్ణం పెడతారు.

ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసులు ఆపారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు 20,000 జరిమానా, ఆపైన టన్నుకు 2,000 చొప్పున అని ఉంది. ఒక్కట్రిప్పు గారు పటంతో సహా దిగి, "లోడు కాదండీ, ఇంటి సామాను," అన్నారు. ఆ వాదనకు చట్టంలో జవాబు ఉండే ఉంటుంది గానీ, వెనక హారన్ల హోరులో కానిస్టేబుల్‌కి అది గుర్తురాలేదు. పొమ్మని చెయ్యి ఊపాడు.

వనస్థలిపురంలో పాలు పొంగాయి, ముహూర్తానికే. డ్రైవరు ఇంకో ఐదొందలడిగితే, "ఒక్క ట్రిప్పుకే కదా మాట్లాడుకున్నాం, ఒక్కటే అయింది కదా!" అన్నారు. ఆ తర్వాత పాతింట్లో మిగిలిన రోలు, రెండు బకెట్లు, తులసికోట, గ్యాసు సిలిండరు, చీపుళ్ల కోసం సాయంత్రం దాకా స్కూటర్ మీద తిరుగుతూనే ఉన్నారు. స్కూటర్ తిరుగుళ్లు ట్రిప్పుల్లోకి రావు. కాళ్ల మధ్య రోలు పెట్టుకుని వస్తుండగా నాగోలు మలుపు దాటాక స్కూటర్ చతికిలబడింది. మెకానిక్కు వంగి చూసి, షాకబ్జర్‌లో ఆయిలు కారిపోయిందన్నాడు.

"చూశావా, కంపెనీలు ఈమధ్య సరుకు బొత్తిగా తగ్గించేశాయి," అన్నారు ఒక్కట్రిప్పు గారు, రోలు కిందికి దించకుండానే.