కీడు ఎటు పోయినట్టు?

శంషాబాద్‌లో ఏం జరిగినా మొదటి ముద్దాయి విమానమే. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇటు మళ్లాక కిరాయి పెరిగినా, గోడ బీట ఇచ్చినా, పిల్లాడికి లెక్కల్లో మార్కులు తగ్గినా కేసు దాని మీదే. అందుకే సోమవారం పొద్దున మా గోల్డ్ ఫిష్‌లు వెల్లకిలా తేలేసరికి పక్కింటి పెద్దమ్మ తొట్టిలోకి ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేసింది: "ఇమానం సప్పుడుకు గుండె ఆగింది బిడ్డా."

మా మామగారు ఒప్పుకోలేదు. వాస్తు ప్రకారం ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది వేసి ఆ తొట్టి పెట్టించింది ఆయనే. చేప చచ్చిందంటే ఇంటికి రావలసిన కీడును నెత్తినేసుకుని పోయినట్టట. "మంచిగైంది అల్లుడా, దిష్టి పోయింది" అని కొత్తవి తెచ్చారు. అవీ పోయాయి. ఈ లెక్కన రంగారెడ్డి జిల్లాలో మా అంత అదృష్టవంతులు ఉండకూడదు. నా బండి మాత్రం ఆ వారమే పంచరైంది.

దుకాణం కుర్రాడి దగ్గర ప్రతి చావుకూ ఒక సీసా ఉంది. నీలం మందు పోశాం. చేపలు నీలంగా పోయాయి. తర్వాత దోమల మందును అనుమానించాం. గదిలో గాలి ఎలా ఉంటే పంపు దాన్నే నీళ్లలోకి ఊదుతుంది, ఆ మందులు చేపలకు నిజంగానే విషం. కానీ మా ఇంట్లో దోమతెరలే. రాత్రి కరెంటు పోయి పంపు ఆగిందా అంటే అదీ లేదు. అదే కొర్రమీనైతే పైకొచ్చి గాలి మింగి బతికేది. ఊరికే అయిందా రాష్ట్ర చేప!

అసలు ఆధారం క్యాలెండర్‌లో ఉంది. చావులన్నీ సోమవారాలే. ఆదివారం మామగారి శ్రమదానం. నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా మెరిసేదాకా పిండేవారు. చేపల మలమూత్రాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కాపురం ఆ స్పాంజిలోనే. అవి కుదురుకోవడానికి నెలకు పైగా పడుతుంది. ఈయన ప్రతి వారం ఇల్లు ఖాళీ చేయించేవారు. పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్, అది మొప్పలను కాలుస్తుంది.

కానీ మామగారితో "మీ శుభ్రతే చంపుతోంది" అని ఏ అల్లుడు అనగలడు? "స్పాంజిని కుళాయి కింద కడిగితే ఇంట్లో ధనం కొట్టుకుపోతుందట మామయ్యా" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. అప్పట్నుంచీ తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే దాన్ని మెల్లగా ముంచి తీస్తున్నారు. వారానికి పావు వంతు నీళ్లే మారుస్తున్నారు, అవి కూడా క్లోరిన్ విరిచే చుక్కలు వేశాకే. ఆ చుక్కలను గంగాజలమని నమ్మించే బాధ్యత మా అత్తగారు తీసుకున్నారు.

చేపలు ఇప్పుడు బలిశాయి. మామగారికే దిగులు పట్టుకుంది. నిన్న తొట్టి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించి, నన్ను ఎగాదిగా చూసి అడిగారు: "గా కీడంతా ఇప్పుడు ఎవల మీదికి పోతున్నట్టు అల్లుడా?"