భోషాణానికి చక్రాలు లేవా?

మా మనవడు హైదరాబాదు ఫ్లాట్‌లో వంటింటికి కిచెన్ ఐలాండ్ కొంటాడట. కింద చక్రాలు, నడుమ సొరుగులు, పక్కన రెండు ఎత్తు స్టూళ్ళు. ఒరే నాయనా, నేను కోనసీమవాణ్ణి. ఐలాండంటే లంక, లంక అంటే చుట్టూ గోదావరి ఉండాలి. ఎనిమిదడుగుల వంటింట్లో లంక ఏమిట్రా?

మా రోజుల్లో వంటింటికి నేలే బల్ల. అమ్మ కత్తిపీట వాల్చి కూర్చుందంటే కూరలు తరిగే చోటు అదే. తినేవేళకు పీటలు వాల్చేవాళ్ళం, తిన్నాక గోడకు చేర్చేవాళ్ళం. తడిగుడ్డ పెట్టేస్తే వంటిల్లు మళ్ళీ ఖాళీ. సామాను ఎక్కడ దాచేవాళ్ళని అడుగుతారు మీరు. ఉట్టి మీద పెరుగు, గూట్లో ఉప్పూ చింతపండూ, అటక మీద జాడీలు. ఎండాకాలంలో మామిడికాయలు కొట్టిన రోజు ఇల్లంతా ఆవఘాటు. మొదటి ముద్ద కోసం పిల్లలం నలుగురం అమ్మ చుట్టూ మూగేవాళ్ళం. ఆ ముద్దకు స్టూలు కావాలని ఎవరూ అడగలేదు. ఇప్పుడు నలుగురూ నాలుగు వేళల్లో తింటున్నారు, కుర్చీలు మాత్రం పెరుగుతున్నాయి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంటికి గ్యాసు వచ్చి, గట్టు కట్టించాక అమ్మ లేచి నిలబడి వండింది. పొగ పోయింది, దగ్గు తగ్గింది. నాకూ ఇవాళ నేల మీద కూర్చుంటే లేవడం కష్టమే.

ఇంకోటి నిన్న రాత్రి గుర్తొచ్చింది. మా తాతగారి భోషాణం పెట్టె. టేకుది, కింద నాలుగు కొయ్య చక్రాలు. లోపల ఇత్తడి గంగాళాలు, పెళ్ళిళ్ళకు తీసే పళ్ళాలు. మధ్యాహ్నం దాని మీదే ఆయన కునుకు. దాచుకోవడానికీ అదే, కూర్చోవడానికీ అదే. మీరు కొత్తగా కనిపెట్టింది ఏముంది?

కాబట్టి కొనండి, కానీ కొలిచి, చూసి కొనండి. ముందు ఆ బల్ల కొలతకు నేల మీద సుద్దతో గీత గీసి, చుట్టూ మూడడుగుల దారి మిగులుతుందా, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా చూడండి. మిగలకపోతే డబ్బు జేబులోనే ఉంచండి. చక్రాలకు తాళం ఉండాలి, అదీ కాలితో నొక్కితే బిగిసేది. లేకపోతే కూర తరుగుతుంటే బల్ల పారిపోతుంది. బరువైన గిన్నెలు కింది అరల్లో పెట్టాలి. పై భాగం బరువెక్కితే తోసేటప్పుడు ఒరుగుతుంది. రంపపు పొట్టు అతికించి చేసిన చెక్క తడి తగిలితే ఉబ్బుతుంది, గట్టి కొయ్యే తీసుకోండి. కూర్చునేవైపు పలక పది పన్నెండు అంగుళాలు ముందుకు ఉండాలి, లేకపోతే మోకాళ్ళు చెక్కకు కొట్టుకుంటాయి. బల్ల ఎత్తు ముప్పై ఆరు అంగుళాలైతే స్టూలు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరు. దానికి వీపు ఆనించే చెక్క, పాదం పెట్టే కమ్మీ ఉండాలి. అంత ఎత్తు ఎక్కలేని ముసలివాళ్ళు ఇంట్లో ఉంటే పక్కన ఒక మామూలు కుర్చీ వెయ్యండి.

కొన్నాక రోజుకు ఒక్క పూటైనా ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి తినండి. అది జరగని ఇంట్లో పీట ఉన్నా ఒకటే, లంక ఉన్నా ఒకటే.